టెక్ ఐపీఓకి అప్లై చేయాలంటే: రిటైల్ కోటా, లాటరీ లెక్క, మాండేట్ తిప్పలు

మియాపూర్_మెట్రో:
అందరికీ నమస్తే. వచ్చే వారం ఓపెన్ అవుతున్న ఒక టెక్ ప్లాట్‌ఫామ్ కంపెనీ ఐపీఓకి (కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మడం) అప్లై చేద్దామనుకుంటున్నా. కంపెనీ ఇంకా నష్టాల్లోనే ఉంది. చేతిలో రెండు లక్షలున్నాయి. మొత్తం పెట్టి 13 లాట్లు (లాట్ అంటే కనీసం వేయాల్సిన షేర్ల కట్ట) కొడితే తగిలే అవకాశం పెరుగుతుందా? అమ్మకీ, మా ఆవిడకీ కూడా డీమ్యాట్ (షేర్లు దాచే ఖాతా) ఉంది, వాళ్ల అప్లికేషన్లకి నా ఫోన్‌పే నుంచే కట్టొచ్చా? ఇంకోటి, దీంట్లో రిటైల్‌కి (రెండు లక్షల లోపు వేసే మనలాంటివాళ్లకి) 10 శాతమే అంటున్నారు. మామూలుగా 35 కదా?

లాట్‌లెక్క:
చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతా, మిగతావి దాని మీదే ఆధారపడ్డాయి.

షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన ఐసీడీఆర్ (ఇష్యూల) నిబంధనల్లో రెండు దారులున్నాయి. 6(1) దారిలో రావాలంటే గత మూడేళ్లూ నిర్వహణ లాభం ఉండాలి, ఆ మూడేళ్ల సగటు కనీసం 15 కోట్లు ఉండాలి. నికర ఆస్తులకి, నెట్‌వర్త్‌కి వేరే షరతులున్నాయి. అలాంటి ఇష్యూలో రిటైల్‌కి కనీసం 35 శాతం, ఎన్‌ఐఐలకి (అంటే హెచ్‌ఎన్‌ఐలు, రెండు లక్షల పైన వేసేవాళ్లు) 15, క్యూఐబీలకి (ఫండ్లు, బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థలు) 50 దాకా. ఆ షరతులు దాటలేని కంపెనీ 6(2)లో వస్తుంది. అక్కడ క్యూఐబీలకి కనీసం 75 శాతం ఇవ్వాలి, ఆ 75 నిండకపోతే ఇష్యూ మొత్తం రద్దు, అందరి డబ్బూ వెనక్కి. రిటైల్‌కి మిగిలేది గరిష్ఠంగా 10. జొమాటో, పేటీఎం, స్విగ్గీ, ఓలా ఎలక్ట్రిక్ అన్నీ ఈ దారిలో వచ్చినవే. టాటా టెక్నాలజీస్ లాభాల కంపెనీ కాబట్టి 35 శాతం లెక్కలో వచ్చింది.

ఇప్పుడు లాటరీ. ఊహాజనిత ఉదాహరణ తీసుకోండి: ఇష్యూ 4,000 కోట్లు, ధర 400, అంటే 10 కోట్ల షేర్లు. లాట్ 37 షేర్లు, ఒక లాట్‌కి 14,800. రిటైల్ 10 శాతం అంటే కోటి షేర్లు, 37తో భాగిస్తే 2,70,270 లాట్లు. చెల్లుబాటయ్యే అప్లికేషన్లు 20 లక్షలు వచ్చాయనుకుంటే ఏడుగురిలో ఒకరికి తగులుతుంది, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 7.4 మందిలో ఒకరికి. అదే 35 శాతం కోటా అయ్యుంటే 9.45 లక్షల లాట్లు ఉండేవి, దాదాపు ఇద్దరిలో ఒకరికి వచ్చేది.

ఇక 13 లాట్ల సంగతి. అప్లికేషన్ల సంఖ్య లాట్ల సంఖ్యని దాటిందంటే, నువ్వు ఒకటి కొట్టినా 13 కొట్టినా లాటరీలో నీ చీటీ ఒక్కటే, వచ్చేదీ ఒక్క లాటే. మిగతా 1,77,600 ఊరికే బ్లాక్ అయి కూర్చుంటుంది.

కోఠీ_బేరం:
అట్లెట్లంటవ్ అన్నా? పేటీఎంల ఎక్కువ లాట్లు కొట్టినోళ్లకి ఎక్కువే పడ్డయ్ గద.

లాట్‌లెక్క:
@కోఠీ_బేరం నిజమే, కానీ కారణం వేరు. అక్కడ రిటైల్ 1.66 రెట్లే నిండింది. అప్లికేషన్ల సంఖ్య లాట్ల కంటే తక్కువైతే ముందు అందరికీ తలా ఒక లాట్ ఇస్తారు, మిగిలినవి దామాషాలో పంచుతారు. ఎక్కువ లాట్లు అప్పుడు పనికొస్తాయి. ఆ ఎక్కువ వచ్చినవాళ్లకి ఏమైందో చూడు: 2,150కి ఇచ్చిన షేరు 2021 నవంబర్ 18న 1,950కి లిస్టయి (ఎక్స్ఛేంజీలో ట్రేడింగ్ మొదలై), మొదటి రోజే 27 శాతం పోయింది. పోటీ లేక లాట్లు తేలిగ్గా దొరుకుతున్నాయంటే అది సంబరపడే విషయం కాదు.

దీంట్లోనే ఇంకో తికమక ఉంది. ఎక్స్ఛేంజీ సైట్లో కనిపించే 'ఇన్ని రెట్లు' షేర్ల లెక్క, మనుషుల లెక్క కాదు. పై ఉదాహరణలో 20 లక్షల మంది సగటున రెండేసి లాట్లు కొడితే 14.8 రెట్లు అని చూపిస్తుంది, నీ అవకాశం మాత్రం 7.4లో ఒకటే. కాబట్టి 'రిటైల్ 15 రెట్లు' అని చూడగానే 15లో ఒకటి అనుకోవద్దు. అప్లికేషన్ల సంఖ్య విడిగా దొరికితే దాన్నే చూడు.

ఆస్బా_అభిమాని:
అమ్మ, ఆవిడ విషయం. ఒక్కొక్కరికీ సొంత పాన్, సొంత డీమ్యాట్, సొంత బ్యాంకు అకౌంట్, ఆ అకౌంట్‌కి ముడిపడిన సొంత యూపీఐ ఐడీ ఉండాలి. నీ యూపీఐ నుంచి అమ్మ అప్లికేషన్‌కి మాండేట్ (డబ్బు బ్లాక్ చేయడానికి యాప్‌లో ఇచ్చే అనుమతి) ఓకే చేస్తే బ్రోకర్ యాప్ ఏమీ అనదు, డబ్బూ బ్లాక్ అవుతుంది. తర్వాత రిజిస్ట్రార్ (అప్లికేషన్లు సరిచూసి షేర్లు పంచే సంస్థ) డీమ్యాట్ పాన్‌నీ బ్యాంకు అకౌంట్ పాన్‌నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు 'థర్డ్ పార్టీ' అని కొట్టేస్తారు. అలాట్‌మెంట్ (షేర్ల కేటాయింపు) రోజు దాకా నీకు తెలియను కూడా తెలియదు.

అమ్మగారి అకౌంట్‌కి యూపీఐ లేకపోతే కంగారేం లేదు. నెట్ బ్యాంకింగ్‌లో నేరుగా ఆస్బా (డబ్బు మన అకౌంట్‌లోనే బ్లాక్ చేసి అప్లై చేసే పద్ధతి) చేయండి. ఎస్‌బీఐలో ఈ-సర్వీసెస్ కింద 'డీమ్యాట్ అండ్ ఆస్బా' దగ్గర ఉంటుంది. అక్కడ డీమ్యాట్ నంబరు చేత్తో కొట్టాలి: డిపాజిటరీ (షేర్లు దాచే సంస్థ) సీడీఎస్‌ఎల్ అయితే 16 అంకెలు, ఎన్‌ఎస్‌డీఎల్ అయితే 'ఐఎన్'తో మొదలయ్యే 8 అక్షరాల డీపీ ఐడీ, తర్వాత 8 అంకెల క్లయింట్ ఐడీ. డిపాజిటరీ పేరు తప్పుగా ఎంచుకున్నా, ఒక అంకె అటూ ఇటూ అయినా అప్లికేషన్ పోయినట్టే. ఇందులో మాండేట్ గోల లేదు, సబ్మిట్ కొట్టగానే డబ్బు బ్లాక్ అవుతుంది. హెచ్‌యూఎఫ్ (హిందూ ఉమ్మడి కుటుంబం) పాన్ మీద వేసేవాళ్లకీ ఇదే మంచి దారి.

యూపీఐ దారిలో వేస్తే పరిమితి 5 లక్షలు. ప్రతి యాప్, ప్రతి హ్యాండిల్ (యూపీఐ ఐడీలో @ తర్వాతి భాగం) ఐపీఓకి పనికిరావు, సెబీ సైట్లో జాబితా ఉంది. చివరి రోజు సాయంత్రం 5 లోపు మాండేట్ ఓకే అయి ఉండాలి. బ్రోకర్లు కొత్త అప్లికేషన్లని అంతకంటే ముందే ఆపేస్తారు.

మియాపూర్_మెట్రో:
థాంక్స్ అన్నా. మాండేట్ రాకపోతే ఏం చేయాలి? చాలామంది ఇదే కంప్లయింట్ చెప్తున్నారు.

ఆస్బా_అభిమాని:
ముందు ఏ దశలో ఆగిందో చూడాలి. ఇష్యూ ఓపెన్ కాకముందే బ్రోకర్ దగ్గర 'ప్రీ-అప్లై' కొట్టి ఉంటే, బిడ్ ఎక్స్ఛేంజీకి చేరేది ఓపెనింగ్ రోజునే, మాండేట్ ఆ తర్వాతే వస్తుంది. ఓపెన్ అయ్యాక కొట్టినా కొన్ని గంటలు పట్టొచ్చు. నోటిఫికేషన్ రాకపోయినా యాప్‌లో ఆటోపే లేదా మాండేట్స్ అనే చోట పెండింగ్‌లో కూర్చుని ఉంటుంది, అక్కడ వెతకండి. ఎక్స్ఛేంజీ నుంచి ఎస్‌ఎమ్‌ఎస్ వచ్చిందా చూడండి. వచ్చిందంటే బిడ్ చేరింది, ఆలస్యం యూపీఐ వైపు.

రాలేదని అదే పాన్‌తో ఇంకో బ్రోకర్ దగ్గర రెండోది మాత్రం కొట్టొద్దు. ఒక పాన్ మీద ఒక కేటగిరీలో రెండు అప్లికేషన్లు కనిపిస్తే రెండూ పోతాయి. మొదటిది క్యాన్సిల్ చేసి, క్యాన్సిల్ అయినట్టు చూసుకుని, అప్పుడు వేరే హ్యాండిల్‌తో వేయాలి. రిటైల్ వాళ్లకి ఇష్యూ మూసే దాకా మార్చుకునే, రద్దు చేసుకునే వీలుంది. హెచ్‌ఎన్‌ఐలకి రద్దు లేదు, తగ్గించడమూ లేదు, పెంచడమే.

ఇంకా రెండు చోట్ల అప్లికేషన్లు పోతుంటాయి. ఒకటి, ధర దగ్గర 'కట్-ఆఫ్' (చివరికి ఖరారయ్యే ధర ఎంతైనా సరే) టిక్ పెట్టకుండా ప్రైస్ బ్యాండ్‌లో (కంపెనీ ఇచ్చిన ధరల పరిధిలో) కింది ధర రాయడం. గిరాకీ ఉన్న ఇష్యూ ధర పై అంచునే ఖరారవుతుంది, కింది బిడ్లని లెక్కలోకే తీసుకోరు. రెండు, ఆధార్‌తో ముడిపెట్టక పాన్ పనిచేయకుండా పోవడం. పెద్దవాళ్ల డీమ్యాట్‌లలో ఇది ఎక్కువ. ఇష్యూ ఓపెన్ అయ్యేలోపే చూసుకోండి.

రెడ్‌హెర్రింగ్:
అందరూ ఎలా కొట్టాలో చెప్తున్నారు, కొట్టాలా వద్దా అన్నది ఎవరూ ఎత్తలేదు. ఆర్‌హెచ్‌పీ (ఇష్యూకి ముందు కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) 500 పేజీలుంటుంది, మొత్తం చదవక్కర్లేదు. డీఆర్‌హెచ్‌పీ (దాని ముసాయిదా) చదివి ఆగిపోవద్దు, అందులో ధర ఉండదు, ఆర్థిక ఫలితాలూ పాతబడి ఉంటాయి. టెక్ కంపెనీలు ఈ మధ్య గోప్యంగా ముందస్తు ఫైలింగ్ చేస్తున్నాయి, స్విగ్గీ అలాగే వచ్చింది. కాబట్టి చదవడానికి మనకి దొరికే సమయం కూడా తగ్గింది.

నేనైతే మొదట తెరిచేది ఇష్యూ నిర్మాణం. ఫ్రెష్ ఇష్యూ (కొత్త షేర్లు) ఎంత, ఓఎఫ్‌ఎస్ (పాత వాటాదారులు అమ్ముకునేవి) ఎంత? ఓఎఫ్‌ఎస్ డబ్బు పాత వాటాదారుల జేబులోకి పోతుంది, కంపెనీకి పైసా రాదు. స్విగ్గీ 11,327 కోట్లలో 4,499 కోట్లే ఫ్రెష్. పేటీఎం 18,300లో 10,000 కోట్లు ఓఎఫ్‌ఎస్. అయితే ఓఎఫ్‌ఎస్ అనగానే మొహం తిప్పేయడం కూడా తప్పే. మన హైదరాబాద్ కంపెనీ కేఫిన్ టెక్నాలజీస్ 2022 డిసెంబర్‌లో వచ్చినప్పుడు 1,500 కోట్లూ ఓఎఫ్‌ఎస్సే. 366కి ఇచ్చి 367 దగ్గర లిస్టయింది, లిస్టింగ్ లాభం కోసం వేసినవాళ్లు ఉసూరుమన్నారు. అదే షేరు 2024లో వెయ్యి దాటింది. టాటా టెక్నాలజీస్‌ది కథ తిరగబడింది. అదీ పూర్తి ఓఎఫ్‌ఎస్, 500కి ఇచ్చి 1,200కి లిస్టయి, 2025లో ఆ లిస్టింగ్ ధరకి బాగా కిందే తిరిగింది.

రెండోది 'ఆఫర్ ధరకి ఆధారం' అనే అధ్యాయం. గత 18 నెలల్లో ఈ షేర్లు ఎంతకి చేతులు మారాయో సగటు అక్కడ ఇవ్వాలి, ప్రైస్ బ్యాండ్ ప్రకటనలో కూడా వేస్తారు. పెద్ద ఫండ్లు నిన్నగాక మొన్న 150కి కొన్నది మనకి 400కి అంటగడుతున్నారంటే, మధ్యలో వ్యాపారం ఏం మారిందో జవాబు దొరకాలి. దొరక్కపోతే నా మటుకు నేను అక్కడే పక్కన పెట్టేస్తా.

మూడోది నగదు ప్రవాహాల పట్టిక. ప్లాట్‌ఫామ్ కంపెనీలు 'అడ్జస్టెడ్ ఎబిటా' (వడ్డీ, పన్ను, తరుగుదల, ఇంకొన్ని ఖర్చులు లెక్కలోకి తీసుకోని లాభం) అని ఒక అంకె ముందు పెడతాయి. అందులో ఈసాప్ (ఉద్యోగులకి షేర్లిచ్చే పథకం) ఖర్చుని లెక్కలోకే తీసుకోరు. ఉద్యోగులకి ఇచ్చే షేర్లు ఊరికే రావు, మన వాటా పలచబడుతుంది. నిర్వహణ నుంచి వచ్చిన నగదు మూడేళ్లుగా మైనస్‌లో ఉండి, ఆ మైనస్ ఏటా తగ్గుతోందా పెరుగుతోందా చూడండి. చేతిలో ఉన్న నగదుకి ఇష్యూ డబ్బు కలిపి, ఏడాదికి కరిగే మొత్తంతో భాగిస్తే ఎన్నేళ్లు నడుస్తుందో తెలుస్తుంది.

ఐటీ సర్వీసుల కంపెనీ అయితే చూసేవి వేరు: మొదటి ఐదుగురు క్లయింట్ల వాటా, బిల్లు వేశాక డబ్బు రావడానికి పట్టే రోజులు, అట్రిషన్ (ఉద్యోగులు మానేసే రేటు). సగం ఆదాయం ఇద్దరు క్లయింట్ల నుంచే వస్తుంటే, ఒకరు చేయి వదిలినా ఆ క్వార్టర్‌లోనే ఫలితాల్లో కనిపిస్తుంది.

చివరగా డబ్బు దేనికి వాడతారన్నది. 'సాధారణ కార్పొరేట్ అవసరాలు' అని రాసుకునేది 25 శాతం దాటకూడదు. ఇంకా పేరు తేలని కంపెనీల కొనుగోళ్లతో కలిపితే 35 దాటకూడదు. ఆ రెండూ అంచుల దాకా నింపారంటే, డబ్బు ఎక్కడ పెట్టాలో వాళ్లకీ ఇంకా తేలలేదని అర్థం.

కోఠీ_బేరం:
ఇన్ని చదివేటోడు ఎవడన్నా? జీఎంపీ (లిస్టింగ్ కంటే ముందే బయట అనధికారంగ నడిచే ప్రీమియం) ఎంతుందో చూసి కొట్టుడే. నూటికి తొంభై సార్లు కరెక్టే ఉంటది.

రెడ్‌హెర్రింగ్:
@కోఠీ_బేరం జీఎంపీకి రిజిస్టరూ లేదు, రసీదూ లేదు. ఎవరో నలుగురు డీలర్లు చెప్పుకున్న మాట వాట్సాప్‌లో తిరుగుతుంది, చిన్న ఇష్యూల్లో అయితే కావాలనే లేపుతారు. ఊపు ఎటుందో తెలుసుకోవడానికి చూడు, కాదనను. అంతకంటే క్యూఐబీ అంకె నయం. వాళ్లు ఎక్కువగా చివరి రోజే బిడ్లు పెడతారు, ఆ రోజు మధ్యాహ్నానికి ఒక రూపు వస్తుంది. లాటరీకి మొదటి రోజు, చివరి రోజు అనే తేడా లేదు కాబట్టి మూడో రోజు పొద్దున దాకా ఆగినా నష్టం లేదు.

యాంకర్ ఇన్వెస్టర్ల (ఇష్యూకి ముందే షేర్లు తీసుకునే పెద్ద సంస్థల) జాబితా ఇష్యూకి ముందు రోజు ఎక్స్ఛేంజీ సైట్లలో పెడతారు. దేశీయ మ్యూచువల్ ఫండ్లు ఎన్ని స్కీముల్లో ఎంతెంత తీసుకున్నాయో అందులో ఉంటుంది. దాని వెంటే ఇంకో లెక్క రాసిపెట్టుకోవాలి: యాంకర్ల షేర్లలో సగం 30 రోజులకి, మిగతా సగం 90 రోజులకి అమ్మకానికి విడుదలవుతాయి. ప్రమోటర్లు (కంపెనీని చేతిలో ఉంచుకున్న యజమానులు) కాని పాత వాటాదారుల షేర్లు ఆరు నెలలకి వస్తాయి. జొమాటోకి ప్రమోటర్ అనేవాళ్లే లేరు, అప్పటి నిబంధన ప్రకారం లాక్-ఇన్ (షేర్లు అమ్మకూడని కాలం) ఏడాది. అది తీరిన వెంటనే 2022 జూలై 25న షేరు ఒక్కరోజే 11 శాతానికి పైగా పడింది. ఆ తేదీలు ముందే తెలిసినవే. అలాట్‌మెంట్ రాకపోయినా, ఆ కంపెనీ నిజంగా నచ్చితే కొనడానికి అలాంటి రోజులు మేలు.

మాదాపూర్_స్టాండప్:
రెండు లక్షల పైన ఉన్న చిన్న హెచ్‌ఎన్‌ఐ కేటగిరీలో వేస్తే ఛాన్స్ ఎక్కువంటారు, నిజమేనా?

లాట్‌లెక్క:
ఒక్కోసారి. అదే ఉదాహరణలో చూడండి. ఎన్‌ఐఐ 15 శాతం అంటే కోటిన్నర షేర్లు. అందులో మూడో వంతు, 50 లక్షల షేర్లు, 2 నుంచి 10 లక్షల మధ్య వేసేవాళ్లకి. కనీసం 14 లాట్లు వేయాలి, అంటే 518 షేర్లు, 2,07,200 రూపాయలు. ఇక్కడా లాటరీనే, తగిలితే ఆ 518 మొత్తం ఇస్తారు. 50 లక్షలని 518తో భాగిస్తే 9,652 మందికి. మంచి పేరున్న ఇష్యూలో ఈ కేటగిరీకి లక్షల్లో అప్లికేషన్లు వస్తాయి. పైగా రెండు ఇబ్బందులున్నాయి: కట్-ఆఫ్ టిక్ ఉండదు, పై ధర చేత్తో రాయాలి. ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేరు. 14 లాట్లు తగిలి షేరు కిందకి లిస్టయితే దెబ్బ కూడా 14 రెట్లు.

దీనికంటే మాతృసంస్థ లిస్టయి ఉంటే షేర్‌హోల్డర్ కోటా మేలు. టాటా టెక్నాలజీస్‌లో టాటా మోటార్స్ షేరు ఉన్నవాళ్లకి విడి కోటా వచ్చింది. ఆర్‌హెచ్‌పీ ఫైల్ చేసే రోజుకి డీమ్యాట్‌లో ఒక్క షేరున్నా చాలు, ఆ కోటాలోనూ రిటైల్‌లోనూ రెండు చోట్లా వేయొచ్చు. ఒక పాన్ మీద రెండు అప్లికేషన్లకి ఒప్పుకునే సందర్భాల్లో ఇదొకటి, ఉద్యోగుల కోటా ఇంకోటి.

మియాపూర్_మెట్రో:
లిస్టింగ్ దాకా తేదీలు ఎలా లెక్కపెట్టుకోవాలి? ఇంకా మా ఆవిడ పేరు మీద లాభం వస్తే ట్యాక్స్ ఎవరిది?

పన్ను_పద్దు:
2023 డిసెంబర్ 1 నుంచి టీ+3 (ఇష్యూ మూసిన మూడో పని దినాన లిస్టింగ్) తప్పనిసరి. స్విగ్గీనే చూడండి: 2024 నవంబర్ 8 శుక్రవారం మూసింది, 13 బుధవారం లిస్టయింది. మధ్యలో సోమవారం అలాట్‌మెంట్ ఖరారు, మంగళవారం డబ్బు విడుదల, షేర్ల జమ. శని, ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. అలాట్‌మెంట్ స్టేటస్ రిజిస్ట్రార్ సైట్లో పాన్ కొట్టి చూడాలి, బీఎస్‌ఈ సైట్లో కూడా కనిపిస్తుంది. రిజిస్ట్రార్ కేఫిన్ అయినంత మాత్రాన గచ్చిబౌలి దాకా బండేసుకుని వెళ్లక్కర్లేదు, అక్కడ కౌంటర్లో చెప్పేదీ సైట్లో ఉన్నదే.

పన్ను: ఏడాదిలోపు అమ్మితే లాభంపై 20 శాతం. ఏడాది దాటితే 1.25 లక్షల పైన ఉన్న లాభానికి 12.5 శాతం. రెండింటి మీదా సెస్సు అదనం. ఏడాది లెక్క అలాట్‌మెంట్ తేదీ నుంచి.

మీ ఆవిడకి డబ్బు మీరిచ్చి ఉంటే, ఆ లాభం మీ ఆదాయంలో కలుస్తుంది, ఆమె రిటర్న్‌లో చూపించినా సరిపోదు. ఆమె సొంత జీతం, సొంత పొదుపు అయితే ఆమెదే. అమ్మగారికి ఇచ్చిన డబ్బుకి ఈ చిక్కు లేదు, అది ఆవిడ ఆదాయమే.

లిస్టింగ్ రోజు అమ్మాలనుకుంటే ప్రీ-ఓపెన్‌లో (ట్రేడింగ్‌కి ముందు మొదటి ధర తేల్చే సమయం) 9 గంటల నుంచి ఆర్డర్ పెట్టొచ్చు. ఆర్డర్లు తీసుకోవడం 9:45 లోపే ఆగిపోతుంది, మామూలు ట్రేడింగ్ 10కి మొదలు. బ్రోకర్‌కి డీడీపీఐ (మనం అమ్మిన షేర్లు డీమ్యాట్ నుంచి తీసుకునే అనుమతి) ఇవ్వకపోతే సీడీఎస్‌ఎల్ టీపిన్ (అమ్మకానికి ఒప్పుకునే రహస్య సంఖ్య) అడుగుతుంది. అందరూ ఒకేసారి మీదపడే సమయం కాబట్టి ఓటీపీ ఆలస్యమైతే ప్రీ-ఓపెన్ దాటిపోతుంది. 9కి ముందే ఆథరైజ్ చేసి పెట్టుకోండి. మొదట తేలిన ధరకి అటూ ఇటూ 20 శాతం సర్క్యూట్ (ఆ రోజు ధర దాటలేని హద్దు) ఉంటుంది. ఇష్యూ 250 కోట్ల లోపైతే 5 శాతమే, మొదటి పది రోజులు ఇంట్రాడే (అదే రోజు కొని అమ్మడం) కూడా కుదరదు.

డాలస్_దిల్‌సుఖ్‌నగర్:
ఎన్నారైలు వేయొచ్చా? ఎన్‌ఆర్‌ఈ అకౌంట్, ఎన్నారై డీమ్యాట్ రెండూ ఉన్నాయి.

ఆస్బా_అభిమాని:
వేయొచ్చు, బ్యాంకు ఆస్బా దారే తేలిక. ఎన్‌ఆర్‌ఈ నుంచి, అంటే డబ్బు తిరిగి బయటికి తీసుకెళ్లే హక్కుతో వేస్తే నీలి ఫారం. ఎన్‌ఆర్‌ఓ (ఎన్నారైల ఇక్కడి ఆదాయం వేసుకునే అకౌంట్) నుంచి అయితే ఇక్కడివాళ్లు వాడే తెల్ల ఫారమే. అమెరికాలో కూర్చుని వేసేవాళ్లు మాత్రం ఆర్‌హెచ్‌పీలో అమ్మకపు ఆంక్షల పేజీ చదివి తీరాలి. ఈ షేర్లు అక్కడి 1933 సెక్యూరిటీస్ చట్టం కింద రిజిస్టర్ కావు. చాలా ఇష్యూలు అమెరికా బయటి లావాదేవీలకే పరిమితమని అందులో రాస్తారు.

మియాపూర్_మెట్రో:
సరే, మూడు పేర్ల మీద తలా ఒక లాట్, కట్-ఆఫ్‌తో, మూడో రోజు పొద్దున. చివరిగా ఒకటి. తగలకపోయినా డబ్బు విడుదల కాలేదని కొందరు అంటున్నారు, అప్పుడెవరిని పట్టుకోవాలి?

ఆస్బా_అభిమాని:
బ్రోకర్‌ని కాదు, డబ్బు ఉన్నది నీ బ్యాంకులో. మొదట యూపీఐ యాప్‌లో మాండేట్ స్థితి చూడు. 'రివోక్డ్' (రద్దయింది) అని ఉండి కూడా బ్యాలెన్స్ వాడుకోలేకపోతున్నావంటే లీన్ (డబ్బు మీద పెట్టిన బ్లాక్) తీయాల్సింది బ్యాంకు. అప్లికేషన్ నంబరు, మాండేట్ రిఫరెన్స్ నంబరు, అలాట్‌మెంట్ రాలేదన్న స్క్రీన్‌షాట్ కలిపి బ్యాంకుకి మెయిల్ పెట్టు, రిజిస్ట్రార్‌ని కాపీలో ఉంచు. ఆలస్యానికి రోజుకి 100 రూపాయలు లేదా అప్లికేషన్ మొత్తంపై ఏడాదికి 15 శాతం, ఏది ఎక్కువైతే అది బ్యాంకు ఇవ్వాలని సెబీ సర్క్యులర్ ఉంది. ఒక లాట్‌కి 15 శాతం లెక్క రోజుకి ఆరు రూపాయలే వస్తుంది కాబట్టి నీకు 100 వర్తిస్తుంది. ఆ ముక్క మెయిల్‌లో రాయి. అప్పటికీ కదలకపోతే ఆర్‌హెచ్‌పీ మొదటి పేజీల్లో లీడ్ మేనేజర్ల (ఇష్యూ నడిపే బ్యాంకర్ల) ఫిర్యాదుల మెయిల్ ఐడీ ఉంటుంది, ఆ తర్వాత సెబీ స్కోర్స్ (ఆన్‌లైన్ ఫిర్యాదుల సైటు).